ఇప్పచెట్టు కింద నీలిమంట

లాఠీ మోతీ మోకాలి చిప్ప మీద పడ్డ చప్పుడు గేటు అవతల నిలబడ్డ ద్వాలికి కూడా వినిపించింది.

"ఇన్నవా అక్కా? నిన్నటి సంది గిదే. ఇగ రేపటిదాక మా ఆయన బతకడు." ఆమె భాను చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

భాను ఆ వేళ్లని ఒక్కొక్కటీ విడదీసింది. "తండాకి పో చెల్లె. ఇయ్యాల ఎవరూ ఎటూ పోవద్దని చెప్పు. మోతీని నేను తెస్త."

తెస్తానని అనేసింది గానీ ఎలా తేవాలో ఆ క్షణాన ఆమెకే తెలియదు. ఖమ్మంలో జిరాక్స్ షాపు పైన ఒంటి గది, తలుపు మీద 'భాను డిటెక్టివ్ ఏజెన్సీ' అని స్టిక్కరు, అద్దెకి తెచ్చుకున్న పల్సర్ బండి. ఆమె బలగం అంతే. ఆరేళ్ల కిందట తీసి పారేసిన పోలీసు యూనిఫాం వాసన మాత్రం ఇంకా ముక్కులో ఉంది. ఈ అవుట్‌పోస్టు లోపల సరిగ్గా అదే వాసన. ఫినాయిలు, చెమట, నెత్తురు.

మోతీ నేల మీద పడి ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పై పెదవి చీలి రెండుగా వేలాడుతోంది. వాడి మీద లాఠీ ఎత్తి నిలబడ్డవాడు సీఐ రామ్‌చందర్. యూనిఫాం విప్పి కొక్కానికి తగిలించి, పొడుగు చేతుల గళ్ల చొక్కా వేసుకున్నాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"రా డిటెక్టివ్ మేడం! నీ కోసమే సూస్తున్న. చాయ్ తాగుతవా, దెబ్బలు తింటవా?"

"నువ్వు పోసే చాయ్ కంటే దెబ్బలే నయం రామ్‌చందర్. ఏంది, యూనిఫాం విప్పినవ్? సిగ్గనిపిచ్చిందా?"

"నెత్తురు మరకలు సర్ఫ్‌కి పోతలేవ్." నవ్వాడు. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ట్రైనింగులో పరుగు పందెంలో రామ్‌చందర్ ప్రతిసారీ రెండోవాడే. ఆ సంగతి వాడు ఈనాటికీ మరిచిపోలేదు.

భాను ఫోన్ ఎత్తి చూపింది. "లైన్ల వకీలు ఉదయశ్రీ ఉన్నది. స్పీకర్ పెట్టిన. కొట్టు, ఇంకో నాలుగు కొట్టు. ఆమె అన్నీ ఇంటున్నది."

లాఠీ గాల్లో ఆగింది. ఫోన్‌లోంచి గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. రామ్‌చందర్ లాఠీని టేబుల్ మీదకి విసిరేసి, సిగరెట్ వెలిగించుకుని, గోడకి ఆనుకున్నాడు.

"కేసు ఖతమైంది భాను. రేపు శార్వరీ గ్యాస్ ఫ్యాక్టరీ మీద పబ్లిక్ హియరింగ్. గా ఫ్యాక్టరీ వద్దని తండా మొత్తం ఒర్లుతున్నది. సర్వేకొచ్చిన పోరడు సాయికిరణ్. మొన్న సాయంత్రం ఈ మోతీగాడు ఇప్పచెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టిండు. పోరడు ఆపబోయిండు. ఈడు తల పగలగొట్టి మంటల తోసిండు. ఇంక ఏం గావాలె నీకు?"

"వాడు ఒప్పుకోవాలె గదా."

"పొద్దుగూకేసరికి ఒప్పుకుంటడు. లేకుంటే..." పొగ వదిలాడు. "అడవి పెద్దది."

భాను మోతీ పక్కన గొంతుక్కూర్చుంది. వాడి తల ఎత్తి తన మోకాలి మీద పెట్టుకుంది. సీసాలో నీళ్లు పెదవికి తగలగానే వాడు మూలిగాడు.

"సాయికిరణ్‌తోని నీకు కొట్లాట అయిందా?"

"అయింది అక్కా. అబద్ధం జెప్ప. నా చెట్టు కింద స్టీలు డబ్బా బోర్లిచ్చి పెట్టిండు. నా జాగల ఏంది నీ డబ్బా అని తన్నిన. గాడు నవ్విండు. కూసో అన్నా, చెప్త అన్నడు. భూమిల కెల్లి గాలి వస్తున్నదట, గా గాలిని కొలుస్తున్నడట. గది లెక్కలకెక్కితే ఫ్యాక్టరీ ఆగినా ఆగొచ్చు అన్నడు. ఇంక నేనెందుకు సంపుత? ఇద్దరం జొన్నరొట్టె తిన్నం. బీడీ ముట్టియ్యబోతే నా చేతిల కెల్లి గుంజుకున్నడు."

"బీడీ గుంజుకున్నడా?"

"అవ్. ఈడ వద్దు అన్నా, సస్తం అన్నడు. నాకు సమజ్ గాలే. తర్వాత నేను సంతకు పోయిన. తండ మొత్తం చర్ల సంతలనే ఉన్నం."

"చాలు!" రామ్‌చందర్ బూటు మోతీ డొక్కలో దిగింది. ఫోన్‌లో ఉదయశ్రీ అరిచింది. వాడు వంగి, ఫోన్ లాక్కుని, కట్ చేసి, ఎంతో మర్యాదగా భాను చేతిలో పెట్టాడు. "టైమ్ అయిపోయింది మేడం. బయిట ఎండ బాగున్నది."

*

శార్వరీ గ్యాస్ వాళ్ల గెస్ట్‌హౌస్ అడవికి అంచున, అద్దాల కిటికీలతో, లోపల చలిపుట్టించే ఏసీతో ఉంది. ప్రమీలారాణి టేబుల్ వెనక కూర్చుంది. సత్తుపల్లి వైపు పెద్ద భూస్వాముల కుటుంబం. హైదరాబాదులో ఆమె కన్సల్టెన్సీ ఫ్యాక్టరీలకి పర్యావరణ రిపోర్టులు రాసిస్తుంది. చనిపోయిన సాయికిరణ్ ఆమె దగ్గర ఉద్యోగి.

"బంగారం లాంటి కుర్రాడండీ," అంది ప్రమీలారాణి. గొంతు తడబడలేదు. "ఇలా జరుగుతుందనుకోలేదు. ఆ తండావాళ్లకి ఎండాకాలంలో ఇప్పచెట్ల కింద ఆకులు తగలబెట్టడం అలవాటు. వద్దన్నందుకు చంపేశారు."

ఇందాక రామ్‌చందర్ నోట విన్నదీ దాదాపు ఇవే మాటలు.

"మీ రిపోర్టు రాత్రి చదివిన మేడం. ఆరొందల పేజీలు. ఒకచోట 'ప్రాజెక్టు వల్ల సముద్ర మత్స్యకారుల వలలకు నష్టం లేదు' అని ఉన్నది. మన చర్లల సముద్రం ఎక్కడున్నది?"

ప్రమీలారాణి మొహం ఎర్రబడింది. "టైపిస్టు పొరపాటు. పాత రిపోర్టులోంచి ఓ పేరా..."

"ఒక్క పేరానేనా? వేడిని పెంచే గ్యాసుల పేజీ కూడా గా పాత రిపోర్టుల దేనా?"

"చూడండీ, ఎన్నేళ్లుగానో అందరం ఒక్క పేజీయే రాస్తున్నాం. దుమ్ము, నీళ్లు, చప్పుడు, నెమళ్లు, ఎలుగుబంట్లు, ఇవన్నీ అడుగుతారు. గ్రీన్‌హౌస్ గ్యాసులంటే ఒక్క పేజీ. ఈసారి అనుమతులిచ్చే కమిటీలో ఎవరో పట్టుబట్టారు. పొగగొట్టం లెక్క ఒక్కటే చాలదట. నరికే అడవి ఇన్నాళ్లూ పట్టి ఉంచిన కార్బన్ ఎంత, కింద బొగ్గు పొరల్లోంచి లీకయ్యే మీథేన్ ఎంత, అన్నీ చూపించాకే అనుమతి అన్నారు. సరే, చూపించాం."

"మీథేన్ ఎంత?"

"సున్నా."

"సాయికిరణ్ కొలిస్తే ఎంతొచ్చింది?"

ఆమె పెన్ను క్యాప్ పెట్టింది, తీసింది. "అతను ఇంకా పూర్తి చేయలేదు. అయినా లీకవడానికి ఏముందండీ? బొగ్గు ఎంతుందో చూడటానికి వేసిన టెస్ట్ బోర్లన్నీ సిమెంటు పోసి మూసేశారు. రిపోర్టులో స్పష్టంగా ఉంది."

"మీరు పోయి సూసిన్రా?"

"రిపోర్టులో ఉంది అన్నానా!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏసీ గురక ఆగింది. నాలుగు నిమిషాల్లో ఆ అద్దాల గది కొలిమిలా కాగింది. ప్రమీలారాణి నుదుటి మీద చెమట చుక్కలు కట్టింది. ఆమె టిష్యూ తీసి తుడుచుకోలేదు, మెల్లగా అద్దుకుంది. అది కూడా కళ్లకి పైన అంగుళం దూరం వదిలేసి. టిష్యూ అంచుకి గోధుమరంగు మరక అంటింది. ఆమె చప్పున దాన్ని గుప్పిట్లో నలిపేసి, నల్లకళ్లద్దాలు పెట్టుకుంది.

"మొన్న సాయంత్రం మీరు ఎక్కడున్నరు మేడం?"

"ఖమ్మంలో. ఇక మీరు దయచేయండి."

*

ఇప్పతోపులోకి అడుగు పెట్టగానే భాను ఆగిపోయింది. చెట్లు ఆకులు రాల్చేసి మోడుల్లా ఉన్నాయి, కొమ్మల చివర పూలు గుత్తులు గుత్తులుగా. గాలి నిండా ఆ మత్తు తీపి వాసన. ఇల్లందు దగ్గర తన తండాలో నాయనమ్మతో కలిసి గంపలకి గంపలు ఏరిన పూలు ఇవే.

మోతీ చెట్టు మొదట్లో పోలీసులు కట్టిన పసుపు రిబ్బను. శవాన్ని నిన్ననే పోస్ట్‌మార్టానికి భద్రాచలం తీసుకెళ్లారు. తల వెనక చిప్ప పగిలి, మొహం, ఛాతీ కాలిపోయి ఉన్నాయట. తెల్లారుజామున పూలు ఏరడానికి వచ్చిన ద్వాలే మొదట చూసింది.

భాను రిబ్బను కింద నుంచి దూరింది. వంగి నేలని చూసింది. చేత్తో రాసి చూసింది. మళ్లీ చూసింది.

బూడిద లేదు!

ఆకులు తగలబెట్టాడు అన్నారు ఇద్దరూ. అబద్ధం చెప్పినవాళ్లు ఒక్క సంగతి తెలుసుకోకుండా చెప్పారు. తండావాళ్లు ఇప్పచెట్టు కింద నిప్పు పెట్టే మాట నిజమే. కానీ ఏడాదికి ఒక్కసారి, పూలు రాలడం మొదలవకముందు! ఆకులన్నీ కాల్చేసి, చీపురు పట్టి, ఇంటి వాకిలిలా ఊడ్చేస్తారు. రాలిన పువ్వు కంటికి కనబడాలి గదా. ఇక పూలు రాలే రోజుల్లో అక్కడ అగ్గిపుల్ల గీసినా తండా మొత్తం పరుగెత్తుకొస్తుంది. అది కూటి గింజల మీద నిప్పు వేసినట్టే. మోతీ చెట్టు కింద నేల అద్దంలా ఉంది. అక్కడ మండడానికి ఎండుటాకు ఒక్కటి లేదు.

మరి మనిషి మొహం దేనితో కాలింది?

పెట్రోలు వాసన లేదు. భాను తల పైకెత్తింది. ఒక్కటే కొమ్మ. సరిగ్గా నెత్తి మీద, ఒక్క కొమ్మకే పూలు మాడి నల్లగా వేలాడుతున్నాయి. పక్క కొమ్మలు పచ్చిగానే ఉన్నాయి. మంట నేల మీద పాకలేదు. కింద నుంచి నిలువునా పైకి లేచింది!

ఆ కొమ్మకి సూటిగా కింద, మట్టి కొత్తగా కప్పి ఉంది. గోళ్లతో గీకింది. బండ రాయి. రెండు చేతులా పట్టి, పళ్లు బిగించి, పక్కకి దొర్లించింది. కింద ఇనప పైపు మూతి. లోపల చీకటి. చెవి దగ్గర పెడితే సన్నగా, పాము బుస లాంటి చప్పుడు. సిమెంటు లేదు, గిమెంటు లేదు. మీథేన్. రంగూ వాసనా లేకుండా, బొగ్గుపులుసు వాయువుకన్నా ఎన్నో రెట్లు వేడిని ఆకాశంలో పట్టి ఉంచుతూ, రిపోర్టులో సున్నాగా ఉన్న ఆ గాలి, హాయిగా బయటికి వస్తోంది.

సాయికిరణ్ బీడీ ఎందుకు లాక్కున్నాడో ఇప్పుడు అర్థమైంది.

అప్పుడు వెనక ఎండుపుల్ల విరిగింది.

భాను పక్కకి తిరిగేలోపే డ్రిల్లింగు రాడ్డు దిగింది. తల తప్పింది, భుజం తప్పలేదు. ఎముక విరిగిన చప్పుడు తన చెవులకే వినిపించింది. కింద పడి దొర్లింది. ఎదురుగా నిక్కరు, బనీను, మెడలో తువ్వాలు. రిపోర్టులో ఫొటోతో సహా చూసిన కంపెనీ డ్రిల్లింగు సూపర్‌వైజర్ కోటేష్. వాడి వెనక నేల మీద సిమెంటు బస్తా.

"మేడం మూసిరమ్మన్నది. నువ్వు తెరుస్తున్నవేంది?" వాడు రొప్పుతున్నాడు. "నీ లెక్కనే గా పోరడు గూడ ఇనలే!"

రెండోసారి రాడ్డు లేచింది. భాను పిడికెడు మట్టి వాడి కళ్లలో కొట్టి, వాడి మోకాలి పక్క నరం మీద మడమతో తన్నింది. వాడు బొర్లా పడి, పడుతూనే ఆమె జుట్టు అందుకున్నాడు. ఆమె వాడి బొటనవేలు కొరికింది. నోట్లో ఉప్పగా నెత్తురు. వాడు బొబ్బపెట్టి వదిలేసి, పైకి లేచి, గుడ్డిగా రాడ్డు విసిరాడు.

ఆమె తలకి తగలాల్సిన రాడ్డు బండరాయికి తగిలింది. నిప్పురవ్వ లేచింది.

'బుస్స్' మన్నది అడవి.

పైపు మూతిలోంచి మనిషి ఎత్తున నీలిమంట లేచింది. కోటేష్ దాని మీదకే వంగి ఉన్నాడు. వాడి అరుపుకి తోపులో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. భాను ఒక్క చేత్తో వాడి బనీను పట్టి వెనక్కి గుంజింది, మట్టి ఎత్తిపోసింది, సీసాలో మిగిలిన నీళ్లు మొహం మీద గుమ్మరించింది. వాడు వెల్లకిలా పడి కాళ్లు తన్నుకుంటున్నాడు. చర్మం కమిలి ఎర్రగా, పచ్చిగా ఉంది. కనురెప్పల వెంట్రుకలు లేవు.

కనుబొమలు లేవు.

భాను అలాగే చూస్తూ ఉండిపోయింది. కరెంటు పోవడం. అద్దుకున్న చెమట. టిష్యూ అంచున గోధుమరంగు మరక. నల్లకళ్లద్దాలు!

"గీసుకున్నది," అంది పైకే. "పెన్సిలుతోని గీసుకున్నది!"

కంటితో చూసినట్టు కనిపించింది అంతా. మొన్న సాయంత్రం, తండా సంతకి పోయిన వేళ, ప్రమీలారాణి ఇక్కడ ఉంది. కోటేష్ రాడ్డుకి సాయికిరణ్ నెత్తి పగిలింది. మోతీ మీదకి నెట్టడానికి ఎక్కడి నుంచో చారెడు ఎండుటాకులు తెచ్చి నిప్పు పెట్టారు. మంట ఎగిసింది. ఆమె కనుబొమలు పోయాయి. బోరు మూసి ఉందని ఆమె నమ్మింది. ఎందుకంటే తన రిపోర్టులో అలా ఉంది! పాత రిపోర్టులోంచి ఎత్తి రాసిన అబద్ధాన్ని లోకం నమ్మిందో లేదో గానీ, రాసిన మనిషి మాత్రం నమ్మేసింది.

జీపు చప్పుడు వినిపించింది.

*

రామ్‌చందర్ తనే నడుపుకుంటూ వచ్చాడు. పక్కన బేడీలతో మోతీ. డ్రైవరు లేడు, కానిస్టేబుల్ లేడు.

"రామ్‌చందర్! మంచి టైముకొచ్చినవ్!" భాను విరిగిన భుజాన్ని పట్టుకునే గబగబా చెప్పేసింది. ఊడ్చిన నేల, మాడిన కొమ్మ, బోరు, మంట, కనుబొమలు. "ఇయ్యాల్నే ఆమె మొహం తడిబట్టతోని తుడువు, దొరికిపోతది! మోతీని ఇడిచిపెట్టు!"

వాడు ఓపిగ్గా విన్నాడు. మూలుగుతున్న కోటేష్‌ని చూశాడు. మంటని చూశాడు. చుట్టూ చెట్లని చూశాడు.

"ఒక్కదానివే వచ్చినవా?"

భాను ఒక అడుగు వెనక్కి వేసింది.

రామ్‌చందర్ మోతీ బేడీలు విప్పాడు. కాలర్ పట్టి జీపులోంచి కిందకి తోశాడు. నడుముకున్న పిస్టల్ తీశాడు. "ఉరుకు మోతీ."

ఏప్రిల్ ఎండ. నీలిమంట సెగ. రామ్‌చందర్ చొక్కా చేతులు మణికట్ల దాకా దించి, గుండీలు పెట్టి ఉన్నాయి. యూనిఫాం మీద నెత్తురు పడకూడదని చొక్కా మార్చుకున్నాడట! ఎవడైనా మనిషిని కొట్టేటప్పుడు చేతులు మడుచుకుంటాడు గానీ దించుకుంటాడా?

"నిప్పు పెట్టింది నువ్వు," అంది భాను.

"ఎప్పుడూ నువ్వే ఫస్ట్." వాడు నిట్టూర్చాడు. "ఆమె సిమెంటు పోసి మూసినమన్నది. నేను నమ్మిన. ఎంత మంట లేసిందనుకున్నవ్! పోరణ్ని మాట్లాడి ఒప్పిద్దమనే వచ్చినం. ఇనలే. లెక్క మారిస్తే నా చదువెందుకు సార్ అన్నడు. కంపెనీ సెక్యూరిటీ పని మా బామ్మర్దిది. ఫ్యాక్టరీ ఆగితే మేమందరం ఏం దినాలె?" పిస్టల్ మోతీ వీపు వైపు తిప్పాడు. "నిన్ను ఈడు నరికి పారిపోయిండని రాస్త. ఉరుకురా!"

మోతీ ఒంటి కాలి మీద ఊగుతూ నిలబడ్డాడు. మంటని చూశాడు. ఊడ్చిన నేలని చూశాడు. తర్వాత నెమ్మదిగా, నొప్పికి పళ్లు కొరుక్కుంటూ, చెట్టు మొదట్లో కూర్చున్నాడు. రామ్‌చందర్ వైపే మొహం పెట్టి.

"నేను ఉరక. ఇది నా చెట్టు. మా అవ్వ ఊడ్చిన జాగ. కాలుస్తే ముందల కెల్లి కాల్చు. వీపుల కాల్చి పారిపోయిండని రాసుకుంటవా? రాయనియ్య."

రామ్‌చందర్ వాడి డొక్కలో తన్నాడు. వాడు పక్కకి ఒరిగి, మళ్లీ లేచి కూర్చున్నాడు. మళ్లీ తన్నాడు. మళ్లీ కూర్చున్నాడు. నోట్లోంచి నెత్తురు గడ్డం మీదుగా కారుతోంది.

ఈలోగా భాను పెనుగులాటలో విరిగిన పచ్చి కంపని కాలితో మంట మీదకి నెట్టింది. ఇంకోటి నెట్టింది. తెల్లటి పొగ చుట్టలు చుట్టుకుంటూ చెట్ల పైకి లేచింది.

"ఏం జేస్తున్నవే?"

"మంట ఆర్పుతున్న."

వాడు పొగని చూసి నవ్వాడు. "ఎవలొస్తరు? మొన్న గింత మంట లేస్తే ఒక్కడు రాలే!"

"మొన్న సంత. తండా మొత్తం చర్లల ఉండె." భాను కూడా నవ్వింది. పళ్ల మధ్య ఇంకా కోటేష్ నెత్తురే. "ఇయ్యాల సంత గాదు రామ్‌చందర్."

దూరంగా, ఎక్కడో వాగు వైపు, ఒక ఆడగొంతు కేక వేసింది. దానికి ఇంకో గొంతు జవాబు చెప్పింది. తర్వాత పది, ఇరవై. కొమ్మలు విరుస్తున్న చప్పుడు. ఇప్పచెట్ల కింద నిప్పు! పరుగెత్తుతున్న పాదాల చప్పుడు దగ్గరవుతోంది.

రామ్‌చందర్ నవ్వు ఆగింది. పిస్టల్ మోతీ మీద నుంచి భాను మీదకి తిరిగింది. వేలు బిగిసింది.

మోతీ లేవలేదు. లేచే కాళ్లు వాడికి లేవు. కూర్చున్న చోటు నుంచే ముందుకి పడి, రామ్‌చందర్ చెయ్యిని రెండు చేతులా గుంజి, చీలిన పెదవులతోనే ముంజేతిని కొరికాడు. తూటా పేలింది. కొమ్మకి తగిలింది. జలజలా ఇప్పపూలు రాలాయి అందరి మీదా. రామ్‌చందర్ చెయ్యి విదిలించాడు, మోతీ పళ్లు వదల్లేదు, చొక్కా గుడ్డ గుండీ నుంచి మోచేతి దాకా పర్రున చినిగింది. పిస్టల్ కింద పడింది.

భాను దాన్ని అందుకుని, తూటాల గూడు తీసి, రెంటినీ చెరో పక్క పొదల్లోకి విసిరేసింది. అది తన చేతిలో కనిపిస్తే చాలు, ఏ పోలీసైనా ముందు తననే కాలుస్తాడు.

ద్వాలి అందరికంటే ముందు వచ్చింది, చేతిలో పచ్చికొమ్మతో. ఆమె వెనక తండా. నలభై మంది ఉంటారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, నీళ్ల బిందెలు, కొమ్మలు. మంట ఆర్పడానికి వచ్చినవాళ్లు అలాగే నిలబడిపోయారు.

అందరి కళ్లూ ఒకే చోట. రామ్‌చందర్ కుడి చెయ్యి. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక్క వెంట్రుక లేదు. నీటిపొక్కులు పగిలిన లేత ఎర్ర చర్మం నిగనిగలాడుతోంది. దాని పక్కనే నేల మీద కోటేష్ మొహం అచ్చం అదే రంగులో.

"మొన్నటి మంట," అంది భాను. అంతకంటే చెప్పాల్సిన పని లేకపోయింది.

గుంపులోంచి గురగుర మొదలైంది. ఎవరో కొమ్మ ఎత్తారు. ఇంకెవరో రాయి తీశారు.

రామ్‌చందర్ భయపడలేదు. అదే భానుని భయపెట్టింది. వాడు మంచి చేత్తో నడుముకున్న వైర్‌లెస్ సెట్ తీశాడు, నోటి దగ్గర పెట్టుకున్నాడు, కళ్లు మాత్రం ఆమె మీదే.

"క్యాంపు... క్యాంపు... సీఐ మాట్లాడుతున్న. ఇప్పతోపుల నా మీద దాడి. యాభై మంది. ఆయుధాలున్నయి, నా పిస్టల్ గుంజుకున్నరు. ఫోర్సు పంపుండ్రి. ఎవడు ఉరికినా కాల్చుండ్రి." బటన్ వదిలి, ప్రేమగా అన్నాడు, "అందరూ నా చెయ్యి సూసిండ్రు గదా? మంచిది. ఒక్కణ్ని సంపుదమని వచ్చిన. ఇప్పుడు లెక్క మారింది."

గుంపు కదిలింది. కొందరు వెనక్కి, అడవిలోకి చూశారు. ఒక ముసలాయన బిందె వదిలేసి రెండడుగులు పరుగు తీశాడు కూడా.

"ఉరకకుండ్రి!" మోతీ గొంతు చీలిపోయింది. "ఎవలూ ఉరకకుండ్రి! ఉరికితేనే కాలుస్తరు. కూసోండ్రి. నా లెక్క కూసోండ్రి. చేతులల్ల ఏం ఉంచకుండ్రి, పారేయుండ్రి!"

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు.

ద్వాలి చేతిలోని కొమ్మని దూరంగా విసిరేసింది. వచ్చి మొగుడి పక్కన నేల మీద కూర్చుని, వాడి నెత్తురు మొహాన్ని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. తర్వాత ఇంకొకరు. ముసలాయన తిరిగొచ్చాడు. రాళ్లు, కొమ్మలు దూరంగా పడ్డాయి. ఊడ్చిన ఆ నేల మీద, రాలిన పూల మధ్య, నలభై మంది రామ్‌చందర్ వైపు మొహాలు పెట్టి కూర్చున్నారు. మధ్యలో నీలిమంట ఎవరూ ఆర్పకుండా బుసలు కొడుతూనే ఉంది.

వాగు అవతల సాయుధ పోలీసుల క్యాంపు వైపు నుంచి బండ్లు స్టార్టయిన చప్పుడు వచ్చింది. ఒకటి, రెండు, చాలా.

భాను విరిగిన భుజాన్ని చేత్తో పట్టుకుని, వెళ్లి అందరికంటే ముందు వరసలో కూర్చుంది.